క్రైస్తవ కళాచరిత్ర కోసం పిల్లలతో ఇటలీ ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

తొమ్మిది, పది తరగతుల పిల్లలను రెండుసార్లు ఇటలీకి తీసుకువెళ్లి వచ్చాను. అప్పటినుంచి తోటి ఉపాధ్యాయుల ఫోన్లు ఆగడం లేదు. తల్లిదండ్రుల సమావేశాల్లోనూ ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## నిర్ణయానికి ముందు

మా బడిలో అన్ని మతాల పిల్లలూ ఉన్నారు. చర్చిలు చూడటానికి అంత దూరం ఎందుకని తల్లిదండ్రులు అడిగితే ఏం చెప్పాలి?

అమరావతి శిల్పాలు చూడటానికి బౌద్ధులమై ఉండాలా అని తిరిగి అడగండి. అమరావతి తొలినాటి శిల్పాల్లో బుద్ధుడి మనిషి రూపం కనబడదు. పాదాల గుర్తులు, ఖాళీ సింహాసనం, బోధివృక్షం ఉంటాయి. రోములో తొలి క్రైస్తవుల భూగర్భ సమాధుల్లోనూ ఇలాంటి తీరే కనిపిస్తుంది. చేప, లంగరు, గొర్రెపిల్లను భుజాన మోస్తున్న కాపరి ఉంటాయి కానీ, సిలువ మీద యేసు ఉండడు. ఆ బొమ్మ చర్చిల్లో మామూలు కావడానికి కొన్ని శతాబ్దాలు పట్టింది. ఆరాధించేవాడిని చూపించడానికి మనుషులు ఎందుకు వెనకాడారు, తర్వాత ఎందుకు ధైర్యం చేశారు అన్నది చరిత్ర ప్రశ్న. దానికి మతంతో నిమిత్తం లేదు.

ఈ మాటలు సమావేశంలో చెప్పి ఊరుకోవద్దు, అనుమతి పత్రంలోనే రాయండి. ప్రార్థనలో పాల్గొనమని ఎవరినీ అడగబోమని స్పష్టంగా ఉండాలి. క్రైస్తవ కుటుంబాల నుంచి దీనికి ఎదురు ప్రశ్న వస్తుంది, ఇది పుణ్యక్షేత్ర యాత్రేనా అని. కాదు. అయితే ఆదివారం పూజకు వెళ్తామనే పిల్లల వెంట ఒక ఉపాధ్యాయుడిని పంపవచ్చు. ఆ మాట కూడా పత్రంలో చేర్చండి.

ఇటలీ ఒక్కటే ఎందుకు? పారిస్, లండన్ కూడా కలిపితే డబ్బుకు తగ్గ ప్రయాణం అవుతుంది కదా?

కాదు. పిల్లలు విమానాశ్రయాలు చూసి వస్తారు. లండన్, పారిస్ మ్యూజియాల్లో ఉన్న మధ్యయుగపు చెక్కపలక చిత్రాల్లో చాలా భాగం ఏదో ఒక చర్చిలోని బలిపీఠం నుంచి విడదీసి తెచ్చినవే. ఇటలీలో గోడ, గోడ మీది బొమ్మ, దాని మీద పడే కిటికీ వెలుగు ఇంకా కలిసే ఉన్నాయి. మూడో శతాబ్దపు సమాధి చిత్రాల నుంచి పదిహేడో శతాబ్దపు చిత్రకారుడు కారవాజ్జో వరకు రైల్లో చుట్టి రావచ్చు. ఏజెంటు "ఐదు దేశాలు, పది రోజులు" అనగానే నమస్కారం పెట్టి లేచి రండి.

ఎంతమంది పిల్లలను తీసుకువెళ్లాలి?

ఉపాధ్యాయులతో కలిపి మొత్తం 25 దాటకూడదు. ఈ అంకె నా ఇష్టం కాదు. పాదువాలోని స్క్రొవేన్యి ప్రార్థనాలయంలోకి ఒక విడతలో 25 మందినే పంపుతారు. 26వ మనిషి ఉంటే బృందం రెండు ముక్కలవుతుంది. మొదటిసారి 31 మందితో వెళ్లి ఆ పొరపాటు చేశాను. సగం మంది చిత్రాలు చూస్తుంటే తక్కిన సగం బయట తోటలో పావురాలకు రొట్టె వేశారు. 22 మంది పిల్లలు, ముగ్గురు పెద్దలు సరైన కొలత. ఆ ముగ్గురిలో కనీసం ఒక ఉపాధ్యాయురాలు ఉండాలి.

ఏ తరగతి నుంచి పంపవచ్చు?

తొమ్మిది నుంచి. ఏడో తరగతి పిల్లలకు మూడో చర్చికే విసుగు పుడుతుంది. అది వాళ్ల తప్పు కాదు.

వేసవి సెలవుల్లో వెళ్లాలా, దసరా సెలవుల్లో వెళ్లాలా?

దసరా. అక్టోబరులో అక్కడ ఎండ తగ్గి ఉంటుంది, చలి ఇంకా ముదరదు. మన మే నెలలో వెళ్తే అక్కడి బడిపిల్లల విహారయాత్రలన్నీ అప్పుడే కాబట్టి ప్రతి గుమ్మం దగ్గరా వరస. జూన్ మొదట్లో వెళ్తే ఎండ. ఈస్టర్‌కు ముందు వెనకల వారాలు అసలే వద్దు. ఆ రోజుల్లో రోము యాత్రికులతో కిటకిటలాడుతుంది, పైగా చాలా చర్చిల్లో ఆరాధనలు సాగుతుంటాయి కాబట్టి తిరిగి చూడనివ్వరు.

ఎన్ని రోజులు, ఏయే ఊళ్లు?

పది రాత్రులు: బొలోన్యాలో మూడు, ఫ్లోరెన్స్‌లో మూడు, రోములో నాలుగు. బొలోన్యా పేరు వినగానే అందరూ అక్కడేముందని అడుగుతారు. అక్కడి రైల్వే జంక్షనే ఉంది! అటు మొజాయిక్‌ల (గాజుముక్కలు అతికించి చేసే గోడబొమ్మల) ఊరు రవెన్నా, ఇటు పాదువా, రెండూ పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగల దూరాలు. ఫ్లోరెన్స్‌కు వేగపు రైల్లో సుమారు 40 నిమిషాలు. పెట్టెలు మోసుకుంటూ రోజుకో ఊరు మారే బాధ ఉండదు. ఫ్లోరెన్స్ నుంచి రోముకు గంటన్నర.

హైదరాబాద్ నుంచి దుబాయ్ లేదా దోహా మీదుగా వెళ్లడం మామూలు. రాకపోకలకు ఒకే ఊరు పెట్టుకోకండి. బొలోన్యాలోనో వెనిస్‌లోనో దిగి, రోము నుంచి తిరుగు విమానం ఎక్కితే ఒక రోజు మిగులుతుంది. వెనిస్ చూడాలని పిల్లలు పట్టుబడతారు. దిగిన రోజు మధ్యాహ్నం సెయింట్ మార్క్ బాసిలికా ఒక్కటి చూపించి రైలెక్కించండి.

ఖర్చులో ఎక్కడ తగ్గించవచ్చు, ఎక్కడ తగ్గించకూడదు?

ప్రవేశ టికెట్ల గురించి అనవసరంగా భయపడతారు. ఇటలీ ప్రభుత్వ మ్యూజియాల్లో 18 ఏళ్ల లోపు వారికి, ఏ దేశం వారైనా, ప్రవేశం ఉచితం. ముందుగా సమయం ఖాయం చేసుకుంటే ఆ రుసుము మాత్రం పడవచ్చు. వాటికన్ వేరే దేశం కాబట్టి అక్కడ టికెట్ కొనాలి, పిల్లలకు తగ్గింపు ఉంటుంది. చాలా చర్చిల్లోకి ఊరికే వెళ్లవచ్చు. పెద్ద ఖర్చులు విమానం, బస. బసకు సన్యాసినుల మఠాలు నడిపే అతిథిగృహాలు వెతకండి. గదులు సాదాసీదాగా, శుభ్రంగా ఉంటాయి. చాలాచోట్ల రాత్రి ఒక వేళకు తలుపు మూసేస్తారు. పిల్లలకు అది నచ్చదు, నాకు మాత్రం అదే హాయిగా నిద్ర పట్టించింది.

ఊరి బయట చవక హోటల్ జోలికి పోకండి. మిగిలిన డబ్బంతా బస్సు కిరాయికి పోతుంది. విదేశీ యాత్రా ప్యాకేజీ మీద ఏజెంటు టీసీఎస్ (అమ్మేటప్పుడే ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను) వసూలు చేస్తాడు. దాన్ని తల్లిదండ్రులు తమ ఆదాయపు పన్ను లెక్కలో సర్దుబాటు చేసుకోవచ్చు. కాబట్టి రసీదు ఎవరి పాన్ నంబరు మీద వస్తుందో డబ్బు కట్టేముందే తేల్చుకోండి.

## కాగితాలు, వీసా

వీసాకు ఎప్పుడు దరఖాస్తు చేయాలి?

ఇటలీతో సహా చాలా ఐరోపా దేశాలకు చెల్లే షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, 15 రోజుల ముందు వరకు తీసుకుంటారు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, కొన్నిటికి 45 రోజుల దాకా పడుతుంది. అక్టోబరు ప్రయాణానికి జూన్‌లో, బడి తెరిచిన వారంలోనే పని మొదలుపెట్టండి. 25 మందికి ఒకేసారి అపాయింట్‌మెంటు దొరకడమే అసలు కష్టం. 12 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరూ స్వయంగా వచ్చి వేలిముద్రలు ఇవ్వాలి. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చును భరించే ప్రయాణ బీమా తప్పనిసరి.

విద్యార్థులకు వీసా రుసుము ఉండదంటారు, నిజమేనా?

నిజమే. చదువు కోసం వెళ్లే బడిపిల్లలకు, వారి వెంట వెళ్లే ఉపాధ్యాయులకు షెంగెన్ నిబంధనల్లో రుసుము మినహాయింపు ఉంది. దానికి బడి ఇచ్చే ఉత్తరం గట్టిగా ఉండాలి. ఏ రోజు ఏ కట్టడం దగ్గర ఏ పాఠం అన్నది పట్టికగా జతచేయండి. "విహారయాత్ర" అన్న మాట ఆ ఉత్తరంలో ఎక్కడా రానివ్వకండి. దరఖాస్తు కేంద్రం సేవా రుసుము మాత్రం కట్టాల్సిందే. ఏజెంటు బిల్లులో వీసా రుసుము వేశాడేమో చూసి అడగండి.

తల్లిదండ్రుల్లో ఒకరే సంతకం పెడితే సరిపోతుందా?

మైనరు ప్రయాణానికి ఇద్దరి సమ్మతీ అడుగుతారు. నోటరీ చేయించిన సమ్మతి పత్రంతో పాటు ఇద్దరి పాస్‌పోర్టు లేదా గుర్తింపు కార్డు నకళ్లు ఉండాలి. తండ్రి గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న ఇళ్లు మన దగ్గర తక్కువేమీ కావు. అక్కడి భారత కాన్సులేట్‌లో సంతకం ధ్రువీకరించి పంపించాలి. ఇది వారాలు తినే పని కాబట్టి అలాంటి పిల్లల జాబితాను మొదటి రోజే తయారు చేసుకోండి. తల్లిదండ్రులు విడిపోయి ఉంటే కోర్టు ఇచ్చిన సంరక్షణ ఉత్తర్వు, ఒకరు చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం జతచేయాలి. ఈ వివరాలు తరగతిలో అందరి ముందూ అడగవద్దు.

మా అబ్బాయికి బడి రికార్డులో ఇంటిపేరు పొడి అక్షరంగానే ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. ఇబ్బందా?

మన తెలుగువాళ్లకు ఎక్కడికి వెళ్లినా తప్పని తలనొప్పి ఇది. విమాన టికెట్, బీమా, హోటల్, స్క్రొవేన్యి టికెట్ అన్నీ పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలతోనే తీయండి. బడి ఇచ్చే ధ్రువపత్రంలో కూడా పాస్‌పోర్టు పేరే రాసి, రికార్డులో ఫలానా పేరుతో ఉన్న విద్యార్థీ ఇతడూ ఒకరేనని ఒక వాక్యం చేర్చండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, వ్యవధి ఉన్నప్పుడే సరిచేయించుకోవడం మేలు. తిరుగు ప్రయాణం తర్వాత కూడా పాస్‌పోర్టుకు కనీసం మూడు నెలల గడువు, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. మైనరు పాస్‌పోర్టు గడువు ఐదేళ్లే. నాలుగో తరగతిలో తీసినది తొమ్మిదికి వచ్చేసరికి చెల్లిపోతుంది.

## బయలుదేరే ముందు తరగతి గదిలో

బైబిల్ కథలు తెలియని పిల్లలకు ఎంతవరకు నేర్పాలి?

పన్నెండు కథలు చాలు: ఆదాము హవ్వల బహిష్కరణ, అబ్రాహాము బలి, యోనా, మరియమ్మకు దూత చెప్పిన శుభవార్త, యేసు పుట్టుక, జ్ఞానుల రాక, బాప్తిస్మం, లాజరును లేపడం, చివరి రాత్రి భోజనం, యూదా ముద్దు, సిలువ, పునరుత్థానం. వీటితో పాటు అంత్యతీర్పు. బొమ్మ చూపించకుండా ముందు కథ చెప్పండి. "ఇందులో ఒక్క క్షణాన్నే బొమ్మ గీయాలంటే మీరు ఏ క్షణం ఎంచుకుంటారు?" అని అడగండి. పాదువాలో స్క్రొవేన్యి గోడల మీద చిత్రకారుడు జొట్టో ఎంచుకున్న క్షణాన్ని చూసినప్పుడు వాళ్లకు తమ జవాబు గుర్తొస్తుంది. అప్పుడు వాళ్లు చూసేది ఒక తోటి చిత్రకారుడి నిర్ణయాన్ని.

కథను వరసలుగా చెప్పే పద్ధతి మన పిల్లలకు కొత్త కాదు. చేర్యాల పటాలు, శ్రీకాళహస్తి కలంకారీ గడులు ముందు చూపిస్తే, మూడు వరసల్లో సాగే జొట్టో గోడ దానంతట అదే అర్థమవుతుంది.

అన్ని బొమ్మల్లోనూ గడ్డాల ముసలివాళ్లే. ఎవరు ఎవరో ఎలా గుర్తుపట్టాలి?

శంఖచక్రాలుంటే విష్ణువు, త్రిశూలముంటే శివుడు అన్నట్టే. తాళంచెవులుంటే పేతురు, కత్తి ఉంటే పౌలు, పక్కన సింహముంటే జెరోము, ఇనుప చట్రముంటే లారెన్సు, ముళ్లచక్రముంటే కేథరిన్, ఒళ్లంతా బాణాలుంటే సెబాస్టియన్. సువార్తలు రాసిన నలుగురికి నాలుగు గుర్తులు: మత్తయికి మనిషి, మార్కుకు సింహం, లూకాకు ఎద్దు, యోహానుకు గరుడపక్షి. వీటితో పేకముక్కల్లాంటి కార్డులు చేయించి ఆడించండి. రైల్లో కూడా పనికొస్తాయి.

ఒక సరదా సంగతి. మన కతోలిక కుటుంబాల్లో రాయప్ప అంటే పేతురు, చిన్నప్ప అంటే పౌలు. మా బృందంలో ఒక పిల్లవాడి తాతగారి పేరు రాయప్ప. సెయింట్ పీటర్స్ బాసిలికా ముందు నిలబడి "ఇది మా తాత పేరు మీద గుడి" అన్నాడు.

వెళ్లే ముందు మన దగ్గర చూడదగ్గది ఏమైనా ఉందా?

మెదక్ చర్చి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం చూపించే మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలున్నాయి. ఒకే కిటికీని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడమని చెప్పండి. గాజు బొమ్మకు సగం రంగు ఎండే వేస్తుందని అక్కడ తెలుస్తుంది. రవెన్నాకు అంతకన్నా మంచి తయారీ లేదు.

## అక్కడికి చేరాక

రవెన్నాలో ఒక్క రోజు సరిపోతుందా?

ఆశ తగ్గించుకుంటే సరిపోతుంది. రవెన్నాలో ఎనిమిది తొలి క్రైస్తవ కట్టడాలు ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్నాయి. మూడే చూడండి. ముందు గల్లా ప్లాచీదియా స్మారకం, ఐదో శతాబ్దానిది. చిన్న గది, నీలి కప్పు, బంగారు నక్షత్రాలు. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఎవరినీ మాట్లాడనివ్వకండి. పక్కనే 547లో ప్రతిష్ఠించిన సాన్ విటాలె చర్చి. అక్కడ జస్టీనియన్ చక్రవర్తి, ఎదురుగా థియోడోరా రాణి పరివారాలతో నిలబడి ఉంటారు. రాణి అంగీ అంచున ముగ్గురు జ్ఞానులు కానుకలు తెస్తున్న బొమ్మ ఉంది, పిల్లలను వెతకమనండి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మూడోది, సాంట్ అపొల్లినారె నువోవో చర్చి. గోత్ రాజు థియోడోరిక్ కట్టించాడు. బైజాంటియన్లు (జస్టీనియన్ సామ్రాజ్యం వాళ్లు) ఊరు పట్టుకున్నాక, గోడ మీది రాజభవనం బొమ్మలో ఉన్న మనుషులను తీసేసి, వాళ్ల చోట తెరలు అతికించారు. అయితే స్తంభాల మీదికి వచ్చిన చేతులు కొన్ని అలాగే మిగిలిపోయాయి. మనిషి లేడు, చెయ్యి ఉంది. చరిత్రను ఎవరు ఎలా చెరుపుతారో చెప్పడానికి నేను తరగతిలో ఏడాది పాటు పడిన పాట్లు ఆ చెయ్యి ముందు అనవసరం అనిపించింది.

స్క్రొవేన్యి ప్రార్థనాలయంలో 15 నిమిషాలే ఉండనిస్తారట. అంత శ్రమ పడి వెళ్లాలా?

వెళ్లాలి. ముందు ఒక గాజు గదిలో 15 నిమిషాలు కూర్చోబెడతారు. మన ఒంటి తేమ, దుమ్ము చిత్రాలకు తగలకుండా గాలిని సర్దుతారు. తర్వాత 15 నిమిషాలు లోపల. గాజు గదిలో ఉండగానే ఎవరు ఏ గోడ చూడాలో పంచిపెట్టండి. జొట్టో 1305 నాటికి ముగించిన ఈ గోడల మీది బొమ్మల్లో నేను మూడు మాత్రమే చూపిస్తాను. యూదా ముద్దులో ఆ పసుపు అంగీ, దాదాపు యేసును మింగేసినట్టు ఉంటుంది. యేసు శవం చుట్టూ ఏడుస్తున్న వాళ్లలో ఇద్దరు మనకు వీపు పెట్టి కూర్చున్నారు. జ్ఞానుల రాకలో నక్షత్రం బదులు తోకచుక్క. 1301లో కనిపించిన హాలీ తోకచుక్కను చూసి వేశాడంటారు. సైన్స్ టీచరును వెంట తీసుకువెళ్తే ఇక్కడ ఆయనకూ ఒక పాఠం దొరుకుతుంది.

టికెట్ వారాల ముందే ఖాయం చేసుకోవాలి. మీ విడత తప్పితే అంతే సంగతులు, అందుకని ఆ ఉదయం మరే పనీ పెట్టుకోవద్దు.

ఫ్లోరెన్స్‌లో ఏది వదిలేయవచ్చు?

ఉఫీజీ మ్యూజియంలో ముప్పాతిక భాగం. మొదటి గదుల్లో చిమాబూయె, దుచ్చో, జొట్టో ముగ్గురూ వేసిన సింహాసనం మీది మరియమ్మ బొమ్మలు కలిసి ఉంటాయి. ఒక గంట అక్కడే గడపండి. కుర్చీ ఎప్పుడు నిజమైన కుర్చీలా కూర్చోదగినదిగా కనబడటం మొదలైందో పిల్లలే చెబుతారు. సోమవారం ఉఫీజీకి సెలవు.

మిగిలిన సమయం సాన్ మార్కో మఠానికి ఇవ్వండి. సన్యాసుల గదుల్లో ఒక్కోదానికి ఒక్కో బొమ్మ, ఫ్రా ఆంజెలికో, ఆయన శిష్యులు వేసినవి. మెట్లెక్కగానే ఎదురుగా దూత, మరియమ్మ. పిల్లలను ఒక్కో గదికి ఇద్దరిద్దరిగా పంపి, పెన్సిల్‌తో గీయమనండి. పెన్నులు వద్దు, మ్యూజియాల్లో ఒప్పుకోరు.

రోములో చర్చికి వెళ్తే లోపల చీకటి, తలుపు మూసి ఉంది, బొమ్మ కనబడలేదు అంటారు. ఏం చేయాలి?

చిన్న చర్చిలు చాలావరకు మధ్యాహ్నం మూడు నాలుగు గంటలు మూసేస్తారు. పొద్దున చర్చిలు, మధ్యాహ్నం మ్యూజియం, సాయంత్రం మళ్లీ చర్చి అని రోజును విడగొట్టండి. జేబులో ఒక యూరో, అర యూరో నాణేలు ఉంచుకోండి. సాన్ లుయీజి దెయ్ ఫ్రాంచేజిలో కారవాజ్జో వేసిన మత్తయి చిత్రాలు చూడాలంటే పెట్టెలో నాణెం వేయాలి, కాసేపు దీపం వెలుగుతుంది, ఆరిపోతుంది. మా పిల్లలు నాణేలు చందా వేసుకున్నారు. ఎత్తైన మొజాయిక్‌ల కోసం రెండు దుర్భిణులు తీసుకువెళ్లండి.

పిల్లలకు బాగా నచ్చేది సాన్ క్లెమెంటె. పన్నెండో శతాబ్దపు చర్చి నుంచి కిందికి దిగితే నాలుగో శతాబ్దపు చర్చి. ఇంకా దిగితే పాత రోము ఇల్లు, మిత్రాస్ అనే రోమన్ల దేవుడి గుడి. అంతస్తులన్నీ కాలం వెనక్కి వెళ్తాయి. సాంటా ప్రస్సేదెలో తొమ్మిదో శతాబ్దపు పోపు పాస్కల్ తల వెనక కాంతిచక్రం గుండ్రంగా కాక చతురస్రంగా ఉంటుంది. అంటే బొమ్మ వేసేనాటికి ఆయన బతికే ఉన్నాడని అర్థం.

వాటికన్‌లోని సిస్టైన్ చాపెల్‌లో పిల్లలకు వివరించవచ్చా?

కుదరదు. మాట్లాడకూడదు, ఫొటో తీయకూడదు. చెప్పాల్సినదంతా ముందు రాత్రి బసలోనే చెప్పండి. 1508–1512 మధ్య వేసిన కప్పు, 1536–1541 మధ్య వేసిన అంత్యతీర్పు గోడ ఒకే మనిషి చేతివి. ఆ రెండింటి మధ్య మైకెలాంజెలో ఎంత మారాడో చూడమనండి. యేసు శిష్యుడు బార్తొలోమయి చేతిలో వేలాడుతున్న మనిషి చర్మం మీది ముఖం చిత్రకారుడిదే అంటారు. మామూలు ఆదివారాల్లో వాటికన్ మ్యూజియాలకు సెలవు. బుధవారం ఉదయం పోపు దర్శనం ఉంటే బాసిలికాలోకి వెళ్లడం కష్టం.

నగ్న చిత్రాలుంటాయి కదా, తల్లిదండ్రులు ఊరుకుంటారా?

దాచకుండా ముందే చెబితే ఊరుకుంటారు. ఈ గొడవ మనతో మొదలైనది కూడా కాదు. అంత్యతీర్పులోని నగ్న దేహాలకు 1565లో దానియేలె ద వొల్తెర్రా చేత గుడ్డలు వేయించారు. పాపం, ఆయన మంచి చిత్రకారుడే అయినా లోకం ఆయనను "చెడ్డీలు తొడిగేవాడు" అనే పిలిచింది. ఈ కథ చెబితే తరగతిలో ఇకిలింపులు ఆగి చర్చ మొదలవుతుంది.

ఏ బట్టలు వేసుకోవాలి?

భుజాలు, మోకాళ్లు కప్పేవి. అమ్మాయిలకు సల్వార్ కమీజ్ భేషైన దుస్తులు. పొట్టి లాగులు తెచ్చుకున్న అబ్బాయిలే ఎక్కువగా గుమ్మం దగ్గర ఆగిపోతారు. భూగర్భ సమాధుల్లో ఏడాది పొడవునా సుమారు 16 డిగ్రీల చలి, ఒక స్వెట్టర్ ఉండాలి.

శాకాహారులు ఏం తింటారు? పచ్చళ్లు తీసుకువెళ్లవచ్చా?

టమాటా పాస్తా, మరినారా పిజ్జా, కూరగాయల సూప్, రొట్టె, పళ్లు. మూడో రోజుకు విసుగొస్తుంది, నాలుగో రోజుకు కందిపొడి బయటికొస్తుంది. పొడులు సీలు చేసి తీసుకువెళ్లండి. నెయ్యి, కోవా, పాలతో చేసిన మిఠాయిలు, మాంసం పచ్చళ్లు మాత్రం వద్దు. బయటి దేశాల నుంచి ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తేవడం ఐరోపా సమాఖ్యలో నిషేధం. కచ్చితమైన శాకాహారులకు ఒక మాట: పార్మెజాన్ జున్ను తయారీలో దూడ పొట్ట నుంచి తీసిన పదార్థం వాడతారు. నీళ్ల సీసాలు కొనకండి, రోము వీధి కుళాయిల నీళ్లు తాగవచ్చు.

రైలు సమ్మెలంటారు, నిజంగా అంత ఇబ్బందా?

ఇటలీలో సమ్మె తేదీలు ముందే ప్రకటిస్తారు, కాబట్టి ప్రయాణం వారం ముందు నుంచి రోజూ చూసుకోండి. పనిదినాల్లో పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య నిర్ణీత ప్రాంతీయ రైళ్లు సమ్మె రోజునా నడుపుతారు. ఇంకొకటి, ప్రాంతీయ రైలు కాగితపు టికెట్‌కు ఎక్కేముందు స్టేషన్‌లోని యంత్రంలో ముద్ర వేయించాలి. మరిచిపోతే జరిమానా. 25 టికెట్ల జరిమానా ఎంతవుతుందో నేను లెక్కగట్టాల్సి వచ్చింది.

ఎవరైనా తప్పిపోతే?

ప్రతి పిల్లవాడి మెడలో బస చిరునామా, ఉపాధ్యాయుల నంబర్లు ఇటాలియన్‌లో రాసిన కార్డు ఉండాలి. "తప్పిపోతే కదలకుండా అక్కడే నిలబడు" అన్నది ఒకే నియమం. అత్యవసర నంబరు 112. పాస్‌పోర్టులు పిల్లల దగ్గర వద్దు, రోములో బస్సుల్లో, టెర్మిని స్టేషన్‌లో జేబుదొంగలు ఆరితేరినవాళ్లు.

## తిరిగి వచ్చాక

పిల్లల చేత నివేదిక రాయించాలా?

నేను రాయించను. ఒక్కొక్కరూ తాము గీసిన ఒక బొమ్మ ముందు నిలబడి ఐదు నిమిషాలు మాట్లాడాలి, ప్రయాణానికి రాలేకపోయిన తరగతికి. కిందటిసారి ఒక అమ్మాయి రవెన్నాలో స్తంభం మీద మిగిలిపోయిన ఆ చేతిని గీసి తెచ్చింది. "ఈ చెయ్యి ఎవరిది?" అని వెనక బల్ల నుంచి ఎవరో అడిగారు. తనకు తెలియదంది. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.